న్యూజెర్సీ పెరట్లో చలికి ముందు పనులు: కరివేపాకు, గోంగూర, దొండపాదు సంగతి

చదివే మిగతావారి కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీ అత్తగారు ఏప్రిల్‌లో గుంటూరు నుంచి వచ్చి, ఎడిసన్‌లో మీ ఇంటి వెనుక గోంగూర, బచ్చలి, బీర, సొర, దొండ, చిక్కుడు, టమాటా, మిరప వేశారు. కుండీల్లో కరివేపాకు, మల్లె, తులసి పెట్టారు. సెప్టెంబరులో ఆవిడ తిరిగి వెళ్లారు. ఇప్పుడు తోటంతా మీ చేతికి వచ్చింది. ఆకులు రాలే ఈ కాలంలో ఏ పని ఎప్పుడు చేయాలో చెప్పమని అడిగారు.

ఇక్కడి తెలుగు ఇళ్లలో చాలాచోట్ల ఇదే పరిస్థితి. తోట వేసిన పెద్దవాళ్లు వెళ్లిపోయాక అసలు మెలకువ కావలసిన పనులు మొదలవుతాయి. ఈ ఆరేడు వారాలు సరిగ్గా చూసుకుంటే వాళ్లు మళ్లీ వచ్చేసరికి సగం తోట సిద్ధంగా ఉంటుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక్క అంకె గుర్తు పెట్టుకోండి: 50. ఇక్కడి తోటపని పుస్తకాలు, టీవీ కార్యక్రమాలు అన్నీ మొదటి ఫ్రాస్ట్ గురించే మాట్లాడతాయి. అంటే 32 డిగ్రీల ఫారన్‌హీట్, ఆకుల మీద తెల్లగా మంచు గడ్డకట్టే రాత్రి. క్యాబేజీ, క్యారెట్ వేసుకునే వారికి ఆ లెక్క సరిపోతుంది. మన మొక్కలు ఉష్ణమండలం నుంచి వచ్చినవి. రాత్రి ఉష్ణోగ్రత 50 డిగ్రీలకు, అంటే సెల్సియస్‌లో 10కి దిగగానే వాటి వేర్లు నీరు లాగడం మందగిస్తుంది, చిగుర్లు ఆగిపోతాయి, ఆకులు పసుపు తిరుగుతాయి. మధ్య న్యూజెర్సీలో మొదటి ఫ్రాస్ట్ సాధారణంగా అక్టోబరు రెండో సగంలో వస్తుంది. కానీ 50 డిగ్రీల రాత్రులు సెప్టెంబరు చివరి నుంచే వస్తాయి. ఫ్రాస్ట్ ఇంకా రాలేదు కదా అని ఆగిన ఆ మధ్య వారాల్లోనే చాలామంది కరివేపాకు మొక్కలు పోగొట్టుకుంటారు. క్యాలెండరు పక్కన పెట్టి, ఫోనులో రానున్న పది రోజుల రాత్రి ఉష్ణోగ్రతలు చూడండి. గాలి లేకుండా ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి మీ పెరట్లో పల్లపు చోటు, ఫోను చూపించే అంకె కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చల్లబడుతుంది. అది కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇక కరివేపాకు. మీ ప్రశ్నలో అన్నిటికంటే తొందరగా చేయవలసిన పని ఇదే. రాత్రులు 55కి దగ్గరపడుతున్నాయనగానే ఏర్పాట్లు మొదలుపెట్టండి. వేసవంతా నేరుగా ఎండలో ఉన్న మొక్కను ఒక్కసారిగా ఇంట్లోకి తెస్తే వెలుతురు తేడాకే సగం ఆకు రాల్చేస్తుంది. అందుకని ముందు ఓ వారం పాటు వరండాలోనో, చెట్టు నీడ పడే చోటనో ఉంచండి. రాత్రి మరీ చల్లబడితే గ్యారేజీలోకి జరిపి, పొద్దున్న మళ్లీ బయట పెట్టండి.

లోపలికి తెచ్చే ముందు రోజు మొక్కను నిదానంగా పరిశీలించాలి. ఒక రెమ్మ తీసుకుని ఆకు వెనక్కి తిప్పండి. నడిమి ఈనె పొడవునా, కాడ మొదట్లో, గోధుమ రంగులో చిన్న చిన్న బొడిపెలు కనిపిస్తాయేమో చూడండి. చూడటానికి మొక్కలోనే భాగంలా ఉంటాయి. గోటితో నెట్టితే ఊడివస్తే అవి పొలుసు పురుగులు. ఆకుల మీద జిగురుగా, తేనె పూసినట్టు మెరుస్తుంటే పురుగు ఉన్నట్టే. ఎర్రనల్లి అయితే ఆకు మీద సన్నని తెల్ల చుక్కలు, రెమ్మల మధ్య పలుచని గూడు కనిపిస్తాయి. బయట ఉన్నంతకాలం వానలు, అక్షింతల పురుగులు (లేడీబగ్స్) వీటిని అదుపులో ఉంచుతాయి. ఇంట్లో హీటర్ వేసిన పొడి గాలిలో వీటికి అడ్డు ఉండదు, డిసెంబరుకల్లా మొక్కంతా కమ్మేస్తాయి.

మందు సులువే. పైపు నీళ్లతో ఆకుల వెనుక భాగం గట్టిగా కడగండి. బొడిపెలను రబ్బింగ్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవండి. తరువాత మొక్కల కోసం అమ్మే సబ్బు ద్రావణమో వేపనూనెనో సీసా మీద రాసిన పాళ్లలో కలిపి, సాయంత్రం పూట కొట్టండి. వారం తరువాత మళ్లీ ఒకసారి. గుడ్ల నుంచి వచ్చిన పిల్లపురుగులు మొదటిసారి తప్పించుకుంటాయి కాబట్టి రెండోసారి తప్పదు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ఇంటి మొక్కల కోసం మట్టిలో చల్లే గుళికలు ఉంటాయి. వాటిలో చాలావరకు ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు ఉంటుంది. ఆ మందు వేర్ల నుంచి ఆకుల్లోకి ఎక్కుతుంది, కడిగినా పోదు. మనం పోపులో వేసుకునే కరివేపాకుకు, తీర్థంలో వేసే తులసికి ఎట్టి పరిస్థితుల్లోనూ వేయవద్దు. డబ్బా మీద సన్నటి అక్షరాల్లో తినే మొక్కలకు వాడవద్దని రాసే ఉంటుంది, కానీ ఎవరూ చదవరు. దయచేసి చదవండి.

లోపలికి తెచ్చాక దక్షిణం వైపు కిటికీ దగ్గర పెట్టండి. అలాంటి కిటికీ లేకపోతే మొక్కల కోసం అమ్మే దీపం, గ్రో లైటు, ఒకటి కొని, రోజుకు పన్నెండు గంటలు వెలిగేలా టైమరు పెట్టండి. హీటర్ గాలి నేరుగా తగిలే చోటు వద్దు. ఇప్పుడు పెద్ద కుండీలోకి మార్చవద్దు, ఎరువు వేయవద్దు, ఆ రెండు పనులూ మార్చి-ఏప్రిల్ నెలల దాకా ఆగాలి. నీళ్లు బాగా తగ్గించండి. వేలు రెండు అంగుళాలు మట్టిలో గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే పోయండి. చలికాలంలో కరివేపాకు ఎండి చావడం తక్కువ, వేరు కుళ్లి చావడం ఎక్కువ. కొంత ఆకు రాలుతుంది, భయపడి నీళ్లు పెంచవద్దు. జనవరిలో పూర్తిగా మోడుగా కనిపించినా పారేయకండి. కొమ్మ మీద గోటితో గీకితే లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే, వసంతంలో చిగురిస్తుంది.

మొక్క పోతే మరొకటి తెచ్చుకోవచ్చు కదా అంటారేమో. థాంక్స్ గివింగ్ సెలవులకు ఫ్లోరిడా వెళ్లినవారు బంధువుల ఇంటి నుంచి కరివేపాకు పిలకలు సంచిలో పెట్టుకుని రావడం నేను చూస్తూ ఉంటాను. అది చట్టవిరుద్ధం, దానికి గట్టి కారణమే ఉంది. కరివేపాకు నిమ్మ, నారింజల కుటుంబానికి చెందింది. నారింజ తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసే సిల్లిడ్ అనే చిన్న పురుగుకు కరివేపాకు చాలా ఇష్టం. ఆ పురుగు ఫ్లోరిడాలో 1998లో కనిపించింది, తెగులు 2005లో బయటపడింది, తరువాత అక్కడి నారింజ సాగు కుప్పకూలింది. అందుకే క్వారంటైన్ ఉన్న ప్రాంతాల నుంచి ఈ మొక్కలను బయటికి తరలించడంపై అమెరికా వ్యవసాయ శాఖ ఆంక్షలు పెట్టింది. మొక్క కావాలంటే అనుమతి ఉన్న నర్సరీలోనే కొనండి. లేదా ఇదే ఊళ్లో ఎవరి దగ్గరైనా వేరు పిలక అడగండి.

మల్లె కూడా 50 దగ్గరే లోపలికి రావాలి. రెమ్మలు మూడో వంతు కత్తిరించి, ఇదే పద్ధతిలో కడిగి తెచ్చుకోండి. తులసి ఇంట్లో బతుకుతుంది కానీ నీరసంగా ఉంటుంది. దాన్ని నమ్ముకోకుండా ఎండిన వెన్నులను కాగితం సంచిలో దులిపి విత్తనం దాచుకోండి. కార్తీకంలో క్షీరాబ్ది ద్వాదశికి ఒక కుండీ ఎలాగూ కావాలి కాబట్టి బాగున్న మొక్క ఒకటి కిటికీ దగ్గర ఉంచుకోండి.

గోంగూర గురించి మీరు రాసిన మాట నాకు బాగా గుర్తుండిపోయింది. "మనిషి ఎత్తు పెరిగింది, ఒక్క పువ్వూ లేదు, విత్తనం ఎలా?" అన్నారు. మొక్కలో లోపమేమీ లేదు. గోంగూర పగటి పొద్దు తగ్గితేనే పూతకు వస్తుంది. ఇక్కడ వేసవిలో పగలు దాదాపు పదిహేను గంటలు. పగలూ రాత్రీ సమానమయ్యేది సెప్టెంబరు 22, 23 తేదీల్లో. అప్పటికి గానీ దానికి మొగ్గ తొడిగే సూచన అందదు. పువ్వు విచ్చి, కాయ కట్టి, గింజ ముదిరి ఎండడానికి ఆపైన ఇంకా వారాలు పడుతుంది. ఈలోపే ఫ్రాస్ట్ వచ్చి మొక్కను నల్లగా మాడ్చేస్తుంది. గుంటూరులో మొక్కకూ ఇదే లెక్క, కాకపోతే అక్కడ కాయ ముదిరేదాకా చలి అడ్డం రాదు.

కాబట్టి ఇక్కడ గోంగూరను ఆకు కోసమే పెంచుకోవాలి. రాత్రులు 45కి దిగకముందే మొత్తం ఆకు కోసేయండి. చలి తగిలిన ఆకు గట్టిపడి మచ్చలు పడుతుంది, పచ్చడి రుచి ఉండదు. కడిగి, బట్ట మీద తడి పూర్తిగా ఆరబెట్టి, నూనెలో మగ్గించి డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకుంటే ఏప్రిల్ దాకా పప్పులోకీ పచ్చడిలోకీ సరిపోతుంది. విత్తనం తప్పనిసరిగా కావాలనుకుంటే లేత కొమ్మలు రెండు కత్తిరించి తడి మట్టిలో గుచ్చండి, తేలికగా వేళ్లు వస్తాయి. చిన్న కుండీలో కిటికీ దగ్గర పెడితే అక్కడే పూస్తుంది, అదృష్టం ఉంటే నాలుగు కాయలూ ఇస్తుంది. అయితే రాత్రి గదిలో దీపాలు వెలుగుతుంటే దానికి పగలు పొడుగైనట్టే లెక్క. పడుకునేదాకా దీపం వెలిగే గదిలో పెట్టకండి.

చిక్కుడుదీ ఇదే జబ్బు. ఊరి నుంచి తెచ్చిన పాతకాలపు పందిరి చిక్కుడు ఇక్కడ సెప్టెంబరులో పూత మొదలుపెట్టి, కాయ కాసే వేళకు చలికి చిక్కుతుంది. ఈ సంవత్సరానికి వచ్చిన లేతకాయలు కోసుకోండి. వచ్చే ఏడాదికి పగటి పొడవుతో పని లేకుండా కాసే పొట్టి రకాల విత్తనం తెప్పించుకోండి.

బీర, సొర విషయంలో విత్తనానికి ఒక్కొక్క పాదు మీద ఒక మంచి కాయను ఇప్పటికే వదిలి ఉంటారని ఆశిస్తున్నాను. వదలకపోతే ఇప్పుడున్న వాటిలో అన్నిటికంటే పెద్దది కోయకుండా ఉంచండి. బీరకాయ పాదు మీదే గోధుమ రంగుకు తిరిగి, ఊపితే లోపల గింజలు గలగలమనాలి. సొరకాయ పైతోలు గోటికి లొంగకుండా గట్టిపడాలి. ఫ్రాస్ట్ ముందే వచ్చేలా ఉంటే కాడ బెత్తెడు ఉంచి కోసి, గ్యారేజీలో గాలి తగిలేలా వేలాడదీయండి. బీర గింజ నల్లబడితేనే మొలుస్తుంది, తెల్లగా ఉన్నది దాచి లాభం లేదు. బచ్చలి నల్లటి పండ్లను పిసికి, కడిగి, నీడలో ఆరబెట్టండి. విత్తనాలు ఏవైనా పూర్తిగా ఆరాక కాగితం పొట్లంలో కట్టి, పేరూ సంవత్సరమూ రాసి, గాజు సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. పేరు రాయని పొట్లాలతో ఏప్రిల్‌లో మీ అత్తగారు ఇబ్బంది పడతారు.

దొండపాదును మాత్రం పీకి పారేయకండి. దానికి నేలలో దుంపలాంటి వేరు ఉంటుంది, అదే దాని ప్రాణం. నేలలో అలాగే వదిలితే మన చలికి గడ్డకట్టి చచ్చిపోతుంది. మొదటి ఫ్రాస్ట్‌కు ముందు తీగలన్నీ అడుగు ఎత్తులో కోసి, వేరు చుట్టూ విశాలంగా తవ్వి, మట్టితో సహా ఎత్తి కుండీలో పెట్టి బేస్‌మెంట్‌లో ఉంచండి. వెలుతురు అక్కర్లేదు. మట్టి మరీ దుమ్ముగా మారకుండా నెలకోసారి కాసిన్ని నీళ్లు చాలు. మేలో బయటికి తెస్తే జూన్‌కే పందిరి ఎక్కుతుంది. కొమ్మ నుంచి కొత్తగా మొదలుపెట్టిన పాదు కంటే చాలా ముందే కాపుకు వస్తుంది. మిరప మొక్కల్లో బాగా కాసిన ఒకటి రెండింటిని కూడా ఆరంగుళాల ఎత్తుకు కత్తిరించి ఇలాగే దాచుకోవచ్చు.

ఫోనులో ఫ్రాస్ట్ అడ్వైజరీ కనిపించిన సాయంత్రం ఏమి చేయాలో కూడా చెబుతాను. మొదటి ఫ్రాస్ట్ తరువాత తరచుగా వారం పది రోజులు మంచి ఎండలు వస్తాయి, ఆ ఒక్క రాత్రి గట్టెక్కిస్తే టమాటా, మిరప మరికొన్నాళ్లు కాస్తాయి. పొద్దు వాలకముందే పాత దుప్పట్లు మొక్కల మీద కప్పి, అంచులు నేలను తాకేలా దించి రాళ్లు పెట్టండి. పగలంతా వేడెక్కిన నేల రాత్రి వదిలే వేడిని పట్టి ఉంచడమే ఈ కప్పు పని. కాబట్టి మొక్క మెడకు చుట్టినట్టు కట్టి ప్రయోజనం లేదు. ప్లాస్టిక్ పట్టా ఆకులను తాకితే తాకిన చోటల్లా మాడిపోతుంది. పొద్దున్న ఎండ రాగానే తీసేయండి. ఇక అదే ఫ్రీజ్ వార్నింగ్, అంటే ఇంకా గట్టి చలి హెచ్చరిక, అయితే పోరాటం మానేసి ఉన్నదంతా కోసుకోండి. పచ్చి టమాటాల్లో నిగనిగలాడుతూ పూర్తి సైజుకు వచ్చినవి కాగితంలో చుట్టి వంటింట్లో ఒక మూల పెడితే పండుతాయి, ఎండ అవసరం లేదు. మిగతా గట్టివాటికి పచ్చి టమాటా పచ్చడిని మించిన గతి లేదు.

బంతి మొక్కలను అప్పుడే పీకకండి. బతుకమ్మకూ దసరాకూ కోసినా, ఫ్రాస్ట్ దాకా ఇంకా పూస్తాయి. అవి చలికి పోయాక ఎండిన పువ్వుల నుంచి గింజ తీసుకోవచ్చు.

ఖాళీ అయిన మడుల సంగతికి వస్తే, ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. తోట అయిపోయిందని నేలను బోడిగా వదిలేస్తారు. చలికాలపు వానలు, కరిగే మంచు పైమట్టిని కొట్టుకుపోతాయి. బూడిద తెగులు పట్టిన సొర ఆకులు, మచ్చలు పడిన టమాటా తీగలు మాత్రం కంపోస్టులో వేయకుండా సంచుల్లో కట్టి బయటికి పంపండి, ఆ తెగుళ్లు చెత్తలో చలికాలం దాటి రావచ్చు. ఆరోగ్యంగా ఉన్న మొక్కలను నేల మట్టానికి కోసి, వేర్లను అక్కడే కుళ్లనివ్వండి. మీ లాన్ మీద రాలుతున్న మేపుల్, ఓక్ ఆకులను డబ్బు పోసినా దొరకని ఎరువుగా చూడండి. లాన్ మోవర్‌తో రెండుసార్లు వాటి మీదుగా తోలి ముక్కలు చేసి, మడుల మీద నాలుగు అంగుళాల మందాన పరవండి. ముక్కలు చేయకపోతే తడిసి అట్టకట్టి నీరు దిగనివ్వవు. ఏప్రిల్‌కల్లా సగం మట్టిలో కలిసిపోతాయి, వానపాములు మిగతా పని చేస్తాయి.

ఈ నెలలోనే మట్టి పరీక్ష కూడా చేయించండి. రట్గర్స్ విశ్వవిద్యాలయానికి మట్టి పరీక్షశాల ఉంది, తక్కువ ఖర్చుతో చేసి, ఏమి వేయాలో రాసి పంపుతారు. మన ప్రాంతంలో చాలా చోట్ల నేల ఆమ్ల గుణం కలది. సున్నం వేయమని ఫలితం వస్తే ఇప్పుడే వేయాలి, అది మట్టిలో పనిచేయడానికి నెలలు పడుతుంది. పరీక్ష లేకుండా పక్కింటివారు వేశారని వేయవద్దు.

ఒక మడి మాత్రం వెల్లుల్లికి ఉంచండి. ఇది ఈ చలిని కోరుకునే పంట. అక్టోబరు మధ్య నుంచి నవంబరు మొదటి పక్షం దాకా, నేల గడ్డకట్టకముందు నాటాలి. మధ్యలో గట్టి కాడ ఉండే హార్డ్‌నెక్ రకం విత్తనపు పాయలు తెప్పించుకోండి, అవి ఈ చలిని బాగా తట్టుకుంటాయి. సూపర్ మార్కెట్‌లో కొన్న పాయలు ఏ వాతావరణంలో పండినవో తెలియదు, మొలకెత్తకుండా మందు కొట్టి ఉండవచ్చు కూడా. పాయను నాటే రోజే విడదీసి, పెద్ద రెబ్బలు ఏరి, మొన పైకి ఉండేలా రెండంగుళాల లోతులో, ఆరంగుళాల ఎడంలో గుచ్చండి. పైన గడ్డి గానీ ఆకుముక్కలు గానీ కప్పండి. జూన్‌లో వంపు తిరిగిన లేత కాడలు వస్తాయి, తుంచి వేపుడు చేసుకుంటే ఎంతో బాగుంటాయి. జూలైలో పాయలు తవ్వుకోవచ్చు. కొత్తిమీర, పాలకూర ఇప్పటికే మొలిచి ఉంటే వాటికి తేలికపాటి చలితో భయం లేదు, నవంబరు దాకా కోసుకోండి.

మీది కొత్త ఇల్లని రాశారు కాబట్టి తోటతో ముడిపడ్డ ఇంకో పని. బయటి కుళాయికి బిగించిన పైపు ఊడదీసి నీళ్లు కార్చేయండి. ఇంటి లోపల ఆ కుళాయికి వెళ్లే వాల్వు కట్టేసి, బయటి కుళాయి తెరిచి ఉంచండి. లోపల నిలిచిన నీరు గడ్డకడితే గోడలోని గొట్టం పగులుతుంది. మట్టి కుండీలు కూడా ఖాళీ చేసి లోపల బోర్లించండి, తడి మట్టితో బయట ఉంటే పగిలిపోతాయి.

చివరగా, పందిరి తీసేయాలా అని అడిగారు. నైలాన్ వల అయితే తీగలతో సహా తీసేయండి, ఎండిన బీర నులితీగలను వల నుంచి విడదీయడం వృథా ప్రయాస. ఇనుప గొట్టాల పందిరైతే తీగలు దులిపి అలాగే ఉంచండి. అయితే గుంజలను, దగ్గర్లోని చెట్ల మానులను, కంచెను ఒకసారి జాగ్రత్తగా చూడండి. తడి బురద రాసి ఆరినట్టు బూడిద రంగులో, అంగుళం పొడవున్న మరకలు కనిపిస్తే అవి స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై గుడ్లు. ఈ పురుగు 2014లో పెన్సిల్వేనియాలోని బెర్క్స్ కౌంటీలో మొదట దొరికింది, 2018కి న్యూజెర్సీ చేరింది. ద్రాక్ష తోటలకు పెద్ద బెడద. సెప్టెంబరు నుంచి గట్టి చలి వచ్చేదాకా గుడ్లు పెడుతుంది, ఒక్కో మరకలో ముప్పై నుంచి యాభై గుడ్లు ఉంటాయి, వసంతంలో పిల్లలవుతాయి. పాత ప్లాస్టిక్ కార్డుతో గీకి, హ్యాండ్ శానిటైజర్ పోసిన జిప్ సంచిలోకి రాల్చి మూతి బిగించండి. నేల మీదకు రాలిస్తే చావవు. మార్చి చివరిదాకా ఎప్పుడు కనిపించినా ఇలాగే చేయవచ్చు, కానీ ఆకులు రాలిన నవంబరులో మానులు స్పష్టంగా కనిపిస్తాయి కాబట్టి అప్పుడు ఒక గంట కేటాయించండి.